గోల్డ్ వింగ్‌కి కారు టైరు వేయించమంటున్నారు, వేయించమంటారా?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది గుంటూరు. ఇప్పుడు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. రెండేళ్ల కిందట 2013 మోడల్ హోండా గోల్డ్ వింగ్ జీఎల్1800 మోటార్‌సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా ఆవిడకీ బండి మీద తిరగడం సరదానే. వారాంతాల్లో ఇద్దరం వెళ్తుంటాం. సెలవులు కలిసొస్తే హిల్ కంట్రీ వైపు, ఒకసారి బిగ్ బెండ్ దాకా కూడా వెళ్లొచ్చాం. బండితో ఏ ఇబ్బందీ లేదు, టైర్లతోనే తంటా. వెనక టైరు ఎనిమిది వేల మైళ్లకే మధ్యలో నున్నగా అయిపోయింది. ముందు టైరు మెట్లు మెట్లుగా అరిగి, మూలుగుతున్నట్టు చప్పుడు చేస్తోంది. రెండూ మార్చడానికి డీలర్ చెప్పిన బిల్లు వింటే కళ్లు తిరిగాయి. మా రైడింగ్ గ్రూపులో ఇద్దరు పెద్దవాళ్లు వెనక కారు టైరు వేసుకుని తిరుగుతున్నారు. ముప్ఫై వేల మైళ్లు వస్తుంది, నువ్వూ వేయించుకో అంటున్నారు. మా ఆవిడ టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు? ఎక్కువ కాలం వచ్చే టైరు ఏది? ముందు చక్రానికి ఏం చేయాలి? నైట్రోజన్ కొట్టిస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

సమాధానం: ముందు మీ ఆవిడ టెన్షన్ తీర్చే మాట చెప్పేస్తాను. వెనక కారు టైరు వద్దు. ఎందుకు వద్దో చెబుతాను. వేసుకున్నవాళ్లు దాన్ని ఎందుకంత గట్టిగా సమర్థిస్తారో కూడా చెబుతాను, ఎందుకంటే వాళ్లు ఏమీ తెలియక చేస్తున్న పని కాదది. కానీ అంతకంటే ముందు మాట్లాడుకోవాల్సింది ఇంకొకటుంది. మీ ఉత్తరంలో బండి మోడల్ ఉంది, మైళ్లున్నాయి, డీలర్ బిల్లుంది, గ్రూపులోవాళ్ల సలహా ఉంది. టైర్లలో గాలి ఎంత పెడుతున్నారో మాత్రం ఒక్క ముక్క లేదు.

మీ బండికి హోండా చెప్పిన లెక్క ముందు 36, వెనక 41 పీఎస్ఐ. ఇది టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క. అంటే రాత్రంతా గ్యారేజీలో ఉన్న బండికి పొద్దున్నే, ఇంకా కదలకముందు చూడాల్సింది. గ్యాస్ స్టేషన్ దాకా తోలుకెళ్లి అక్కడి గొట్టంతో చూస్తే అప్పటికే టైరు వేడెక్కి రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. సరిపోయిందిలే అనుకుని వచ్చేస్తాం. అసలు గాలి 38 దగ్గర ఉంటుంది. పైగా ఆ గొట్టానికున్న మీటరు ఎంత నిజం చెబుతుందో దాన్ని పెట్టినవాడికే తెలియాలి. మంచి గేజ్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. ఎప్పుడూ దాంతోనే చూడండి.

మీ బండి టైరు గాలి హెచ్చరిక లైటు ఉన్న రకమైనా సరే, ఆ లైటు వెలిగేదాకా ఆగొద్దు. గాలి బాగా తగ్గాక గానీ అది వెలగదు. వెలగకముందు తగ్గిన నాలుగైదు పీఎస్ఐలే టైరుని నెమ్మదిగా తినేస్తాయి. గాలి తక్కువైన టైరు రోడ్డుకి తగిలిన ప్రతిసారీ ఎక్కువగా నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన రబ్బరు తొందరగా అరుగుతుంది. నాలుగు వందల కిలోలు దాటిన బండి, దాని మీద ఇద్దరు మనుషులు, సామాను. ఇంత బరువు కింద ఐదు పీఎస్ఐ తేడా చిన్న తేడా కాదు. వాతావరణం పది డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడితే గాలి ఇంచుమించు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. డాలస్‌లో నవంబరులో ఒక ఉత్తరపు గాలి వీస్తే ఒక్క రాత్రిలో నలభై డిగ్రీలు పడిపోవడం మీరూ చూసే ఉంటారు.

బరువైన బండ్లు తోలేవాళ్లు వాడే ఒక పాత లెక్కుంది. పొద్దున చల్లగా 41 పెట్టి బయల్దేరండి. మీరు ఎప్పుడూ వెళ్లే వేగంతో ఓ గంట హైవే మీద తోలి, ఆగిన వెంటనే మళ్లీ చూడండి. 45 దాకా పెరిగితే ఫర్వాలేదు. పది శాతం కంటే బాగా ఎక్కువ పెరిగిందంటే టైరు అవసరానికి మించి వేడెక్కుతోందని అర్థం. పొద్దున గాలి తక్కువైనా ఉండాలి, బండి మీద బరువు ఎక్కువైనా ఉండాలి. అలాగని వేడి మీద గాలి తీసేయకండి. మర్నాడు పొద్దుటికి అది ఇంకా తక్కువై కూర్చుంటుంది.

గాలి సరిగ్గానే ఉంచుతున్నారనుకుందాం. అప్పుడు కూడా ఫ్యాక్టరీ టైరుకి ఎనిమిది వేల మైళ్లు మరీ దారుణమేమీ కాదు. గోల్డ్ వింగ్ వెనక టైరు ఎనిమిది నుంచి పన్నెండు వేల మధ్యలో పోవడం మామూలే. మీరుండే చోటు కూడా చూసుకోవాలి. టెక్సస్‌లో చిన్న రోడ్ల మీద, ఎఫ్ఎం (ఫామ్ టు మార్కెట్) అనే పల్లె రోడ్ల మీద తారు పోసి పైన కంకర చల్లి వదిలేస్తారు. చిప్ సీల్ అంటారు. కొత్తగా వేసిన చిప్ సీల్ మీద చెయ్యి పెట్టి చూడండి, గరుకు కాగితం కూడా దాని ముందు మెత్తనే. అది టైరుని గీకుతూనే ఉంటుంది. మీరు బిగ్ బెండ్‌కి వెళ్లిన దారిలో, పడమటి టెక్సస్ ఇంటర్‌స్టేట్ల మీద వేగ పరిమితే గంటకి 80 మైళ్లు. మలుపు లేకుండా గంటల తరబడి నిటారుగా ఆ వేగంతో వెళ్తే టైరు మధ్య పట్టీ ఒక్కటే మొత్తం పని చేస్తుంది. పక్కలు కొత్తగా ఉండి మధ్య నున్నగా అయిపోవడానికి కారణం ఇదే. ఎండ సంగతి గుంటూరు మనిషికి నేను చెప్పక్కర్లేదు. ఆగస్టులో మధ్యాహ్నం బదులు తెల్లవారుజామున బయల్దేరినా, 80 బదులు 70లో వెళ్లినా టైరుకి చాలా తేడా వస్తుంది. మీ ఇష్టం, నేను పోలీసుని కాను.

ఇప్పుడు ఏ టైరు అనేదానికి వద్దాం. మీ వెనక చక్రం సైజు 180/60 ఆర్ 16. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. ఫ్యాక్టరీ నుంచి ఈ బండికి వచ్చిన టైరు మీద 74హెచ్ అని ఉంటుంది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. 74 అంటే ఆ టైరు 375 కిలోలు మోయగలదని. ఇప్పుడు లెక్క వేయండి. బండి ఫుల్ ట్యాంకుతో 410 నుంచి 420 కిలోలు. మీరిద్దరూ కలిసి ఓ 150 అనుకుందాం. పెట్టెల్లో సామాను 25. మొత్తం 590 దాకా వచ్చింది. ఇద్దరు కూర్చున్నప్పుడు అందులో సుమారు అరవై శాతం వెనక చక్రం మీద పడుతుంది. అంటే 350 దాటేసింది. టైరు హద్దు 375. హద్దులోనే ఉన్నాం గానీ అంచుల్లో ఉన్నాం. పాత ఓనరు బిగించిన క్రోమ్ సామాను, వెనక మనిషికి ఫుట్‌బోర్డులు, ట్రంకు మీద రాక్ లాంటివి ఉంటే అవీ ఇందులోనే లెక్క. బండి మోయగల బరువు పరిమితి మాన్యువల్‌లోనూ, బండి మీది లేబుల్ మీదా ఉంటుంది. పెట్టెలకి విడిగా వాటి పరిమితి రాసి ఉంటుంది. ఒకసారి నిజంగా కాటా మీద సామాను తూచి చూడండి. మా ఆవిడ సర్దిన సంచీ తూచాక మా ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను.

ఇదే సైజులో 80హెచ్ టైర్లు దొరుకుతాయి. 80 అంటే 450 కిలోలు. అదే బరువు, అదే గాలి, కానీ టైరు గట్టిది కాబట్టి తక్కువ నలుగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. ఇద్దరు కూర్చుని దూరాలు తిరిగే మీలాంటివాళ్లు 74 మళ్లీ వేయించుకోకండి. ఏ కంపెనీ టైరు కొన్నా ఈ ఒక్క అంకె మాత్రం 80 ఉండేలా చూసుకోండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

కంపెనీల విషయానికొస్తే డన్‌లప్ ఎలీట్ 4, మెట్జలర్ ఎంఈ 888 మారథాన్ అల్ట్రా, ఏవన్ కోబ్రా క్రోమ్ అనే మూడింటి మధ్యే మీరు తేల్చుకోవాలి. మీ వాడకానికి నేను ఎలీట్ 4 అంటాను. అది ఎక్కువ మైళ్ల కోసమే చేసిన టూరింగ్ టైరు, దేశంలో ఏ మూల పాడైనా దొరకబుచ్చుకోవడం తేలిక. మెట్జలర్ కూడా మైళ్లలో దానికి తీసిపోదు. రెండింట్లో ఏది తక్కువ ధరకి, కొత్త తేదీతో దొరికితే అది తీసుకోండి, పట్టింపు వద్దు. కోబ్రా మలుపుల్లో హాయిగా వాలుతుంది, కానీ మీ ప్రశ్న మైళ్ల గురించి కాబట్టి అది నా లెక్కలో మూడోది. వీటిలో ఏదైనా సరే, గాలి సరిగ్గా ఉంచితే మీకు పన్నెండు వేల దాకా రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే సంతోషం. వీటికి ముప్ఫై వేలు మాత్రం రావు. అలా వస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి.

కారు టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని 400, 500 లాంటి అంకె ఉంటుంది, చూసే ఉంటారు. ఎంత ఎక్కువ కాలం అరగకుండా ఉంటుందో పోల్చుకోవడానికి ప్రభుత్వం వేయించే అంకె అది. మోటార్‌సైకిల్ టైర్లకి ఆ నిబంధన లేదు. అందుకే ఈ వ్యాపారంలో నోటి మాటే రాజ్యమేలుతుంది. ఒకాయనకి పదిహేను వేలు వచ్చాయంటే ఆయన ఒంటరిగా, 65లో, కొలరాడో చల్లదనంలో తోలి ఉండొచ్చు. ఆయన మాట అబద్ధం కాదు, మీ బండికి మాత్రం పనికిరాదు.

ఇక మీ గ్రూపు పెద్దమనుషుల కారు టైరు. అమెరికాలో దీన్ని డార్క్ సైడ్‌కి వెళ్లడం అంటారు. గోల్డ్ వింగ్ వాళ్లలో దీనికి పాత చరిత్రే ఉంది. సాధారణంగా వాళ్లు వేసేది 195/55 ఆర్ 16 రన్‌ఫ్లాట్. ఎందుకు అదే అంటే, మీ టైరు మొత్తం ఎత్తు సుమారు 622 మిల్లీమీటర్లు, దానిది 621. అచ్చం సరిపోతుంది. బరువు అంకె సాధారణంగా 87 ఉంటుంది, అంటే 545 కిలోలు. రోడ్డు మీద చదునుగా, వెడల్పుగా ఆనుతుంది కాబట్టి అరుగుదల పంచుకుపోతుంది, ట్రెడ్ కూడా లోతు. పంచరైనా కొంతదూరం మెల్లగా వెళ్లొచ్చు. వాళ్లు చెప్పే ముప్ఫై వేల మైళ్లు గొప్పలు కావు, వస్తాయి. నిటారుగా వెళ్తూ బ్రేకు కొడితే వర్షంలో కూడా బాగానే ఆగుతుందంటారు. అదీ నిజమే కావచ్చు.

చిక్కంతా బండి వాలినప్పుడే. మోటార్‌సైకిల్ టైరు అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది. బండి ఎంత వాలినా కింద ఆనే చోటు మారుతుందే గానీ ఆనే తీరు మారదు. ఆ గుండ్రదనమే బండిని మలుపులోకి లాగుతుంది కూడా. కారు టైరు చదును. కారు వాలదు కాబట్టి దాన్ని వాలడం కోసం చేయలేదు. చెంబుని పక్కకి వంచితే దొర్లుతుంది, పీటని వంచితే ఒక అంచు మీద లేస్తుంది. కారు టైరు మలుపులో ఆ పీటలాగే అంచు మీదికి లేస్తుంది, లేవడానికి ముందు వద్దని మొరాయిస్తుంది. హ్యాండిల్‌ని నెట్టి పట్టుకుంటే గానీ మలుపులో నిలబడదు, పట్టు సడలిస్తే మళ్లీ నిటారుగా లేవాలని చూస్తుంది. రోడ్డు ఒక పక్కకి వాలుగా ఉన్నా, గాడి పడి ఉన్నా దాన్ని పట్టుకుని అటే పోతుంది. కొన్నాళ్లకి అలవాటైపోతుందని వాళ్లంటారు. అలవాటవుతుంది, మనిషికి అలవాటు కానిది ఏముంది? కానీ మీరు వెళ్లేది హిల్ కంట్రీకి. లేకీ ఊరి చుట్టూ 335, 336, 337 నంబర్ల రోడ్లున్నాయి, ట్విస్టెడ్ సిస్టర్స్ అని పిలుస్తారు. 337 మీద గుడ్డి మలుపు తిరుగుతుండగా ఎదురుగా జింక నిలబడి ఉంటే బండి అలవాటు ప్రకారం కాదు, అప్పటికప్పుడు, చెప్పిన క్షణంలో ఇంకాస్త వాలాలి. ఆ క్షణంలో టైరు మొరాయించకూడదు.

రిమ్ము విషయం దీనికంటే తక్కువ కనిపిస్తుంది గానీ తక్కువది కాదు. మోటార్‌సైకిల్ రిమ్ము, కారు రిమ్ము రెండూ పదహారంగుళాలే అయినా టైరు అంచు కూర్చునే చోటి ఆకారం ఒకటి కాదు. ఒకదాని కోసం చేసిన అంచుని ఇంకోదానిలో కూర్చోబెట్టాలంటే సబ్బు నీళ్లు పూసి, మామూలు హద్దు దాటించి గాలి పట్టించాల్సి వస్తుంటుంది. ఆ సమయంలో టైరు పేలితే పక్కనున్న మనిషి గతేంటి? అందుకే చాలా షాపులు ఈ పని చేయమని మొహం మీదే చెప్పేస్తాయి. టైరు కంపెనీలు కూడా కారు టైరుని మోటార్‌సైకిల్ రిమ్ము మీద వేయొద్దని రాసే ఇస్తాయి. రేపు ఏదైనా ప్రమాదం జరిగి కోర్టు దాకా వెళ్తే, తప్పు అవతలివాడిదే అయినా, అవతలి లాయరు మొదట చూపించేది మీ వెనక టైరునే.

కారు టైరు వేసుకుని లక్ష మైళ్లు తిరిగి క్షేమంగా ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లతో నాకు తగువు లేదు. ఒంటరిగా, తిన్నటి రోడ్ల మీద, తన ఒంటికి తనే పూచీ అనుకుని తోలే పెద్దాయన వేసుకుంటే అది ఆయన ఇష్టం. మీ వెనక మనిషి కూర్చుంటోంది, ఆవిడ భయపడుతోంది కూడా. నాకు అక్కడితో లెక్క తేలిపోయింది.

అసలు ఎంత మిగులుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే ఈ కథంతా బిల్లుతోనే మొదలైంది. అంచనా కోసం మోటార్‌సైకిల్ టైరు 270 డాలర్లు, బిగింపు 60 అనుకోండి. పన్నెండు వేల మైళ్లకి మైలుకి 2.75 సెంట్లు. కారు రన్‌ఫ్లాట్ 170, బిగింపు అదే 60, ముప్ఫై వేల మైళ్లు. మైలుకి 0.8 సెంటు కంటే తక్కువ. తేడా మైలుకి రెండు సెంట్లు. మీరు ఏడాదికి ఐదున్నర, ఆరు వేల మైళ్లు తిరుగుతారనుకుంటే మిగిలేది నూట పది, నూట ఇరవై డాలర్లు. అంతే దూరానికి గ్యాలనుకి నలభై మైళ్ల చొప్పున, గ్యాలను మూడు డాలర్ల చొప్పున మీరు పోసే పెట్రోలు నాలుగు వందల డాలర్ల పైనే. ఇద్దరు కలిసి ఇర్వింగ్‌లో ఓ రెండుసార్లు బిర్యానీ తిని సినిమా చూసొస్తే అయ్యే ఖర్చు కోసం ఇంత రిస్కు ఎందుకో నాకు అర్థం కాదు.

డీలరు బిల్లు తగ్గించే దారి వేరే ఉంది. డీలర్ దగ్గర ఖర్చు టైరుది ఒక్కటే కాదు, చక్రం విప్పి బిగించే కూలీది కూడా. మీ బండి వెనక చక్రం ఒకవైపు మాత్రమే ఉండే చేతిలాంటి కడ్డీ (స్వింగ్‌ఆర్మ్) మీద ఉంటుంది, చైను లేదు, షాఫ్టు. కారు చక్రంలాగే ఐదు నట్లు విప్పితే వచ్చేస్తుంది. బండిని ఎత్తి నిలబెట్టే సరైన జాకు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్కు రెంచి, మాన్యువల్ ఉంటే ఇంట్లో చేసుకోదగ్గ పనే. మొదటిసారి చేసేటప్పుడు గ్రూపులో అనుభవం ఉన్నవాళ్లని పక్కన పెట్టుకోండి. ఆ పెద్దమనుషులనే పిలవండి, టైరు విషయంలో నేను వాళ్లతో ఏకీభవించకపోయినా చక్రం విప్పడం వాళ్లకి బాగా తెలిసే ఉంటుంది. విప్పిన చక్రం చేత్తో పట్టుకెళ్తే మోటార్‌సైకిల్ షాపులు టైరు మార్చి బ్యాలెన్స్ చేసి ఇవ్వడానికి చాలా తక్కువ తీసుకుంటాయి. నట్లు మాత్రం మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే బిగించాలి, చేతి ఉజ్జాయింపు పనికిరాదు.

ఆన్‌లైన్లో టైరు కొంటే తయారైన తేదీ చూడండి. టైరు పక్క గోడ మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2224 అంటే 2024లో ఇరవై రెండో వారం. బాగా తక్కువ ధరకి వచ్చే టైర్లలో ఒక్కోసారి గోడౌన్లో నాలుగైదేళ్లు పడున్నవి ఉంటాయి. వాటిని వెనక్కి పంపేయండి.

ముందు టైరు సంగతి వేరు. మెట్లు మెట్లుగా అరగడానికి కూడా గాలి తక్కువవడమే మొదటి కారణం. మీ బండిలో కాలి బ్రేకు తొక్కినా ముందు చక్రానికి బ్రేకు పడుతుంది, హోండా అలా కలిపి పెట్టింది. అందుకని నేను ముందు బ్రేకు ఎక్కువ వాడను అనుకున్నా ముందు టైరుకి విశ్రాంతి ఉండదు. గాలి సరిగ్గా ఉండి కూడా మెట్లు పడుతుంటే హ్యాండిల్ మెడలో ఉండే బేరింగులు చూపించండి. ఖాళీ రోడ్డు మీద, 45 మైళ్ల నుంచి యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిస్తున్నప్పుడు, 40 నుంచి 30 మధ్యలో హ్యాండిల్ వణుకుతోందా? చేతులు పూర్తిగా వదిలేయక్కర్లేదు, పట్టు కాస్త తేలిక చేస్తే చేతికే తెలుస్తుంది. వణుకుతుంటే చాలావరకు ఆ బేరింగు వదులైందనే అర్థం. చాలామంది దాన్ని తీయించి శంఖాకారపు రోలర్ బేరింగు వేయించుకుంటారు. పాత టైరు పెట్టుకుని ఈ పరీక్ష చేస్తే మెట్ల వల్ల కూడా వణకొచ్చు, కాబట్టి కొత్త టైరు పడ్డాక ఇంకోసారి చూడండి.

ముందు చక్రానికి కూడా ఒక ప్రత్యామ్నాయం గురించి మీకు చెప్పేవాళ్లు తగులుతారు. ముందు సైజు 130/70 ఆర్ 18. అదే కొలతలో వెనక చక్రాల కోసం చేసిన బ్రిడ్జ్‌స్టోన్ బ్యాట్‌లాక్స్ టైరు తెచ్చి, బాణం గుర్తు తిరగేసి ముందు వేస్తారు. తిరగేయడానికి కారణముంది. వెనక టైరు మీద ఇంజను తోపుడు ఒక దిక్కున పనిచేస్తే, ముందు టైరు మీద బ్రేకు దానికి ఎదురు దిక్కున పనిచేస్తుంది. ట్రెడ్ రబ్బరు అతుకు ఆ తోపుడుకి తగ్గట్టు ఒక వైపుకి వాలి ఉంటుంది. వెనకది ముందు పెడితే అతుకు విడిపోకుండా ఉండాలంటే తిప్పి పెట్టాల్సిందే. ఇది కారు టైరంత మొండి పని కాదు, మోటార్‌సైకిల్ టైరే, గుండ్రంగానే ఉంటుంది. అయినా అది రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేరుగా అడ్డంగా వెళ్లే రకం) కాదు, మీ బండికి హోండా అడిగింది రేడియల్. రేడియల్‌లోనే 63హెచ్ ముందు టైర్లు బోలెడు దొరుకుతుంటే ఈ తిప్పలెందుకని నా ఉద్దేశం. వెనక ఎలీట్ 4 వేస్తే ముందూ అదే వేయించండి.

కొత్త టైర్లు పడ్డాక మొదటి వంద మైళ్లు నిదానంగా వెళ్లండి. కొత్త రబ్బరు మీద జారుడు ఉంటుంది, వాలుతూ వాలుతూ అది పోవాలి. టైరు వేయించిన రోజు మీటరు రీడింగు ఫోన్లో రాసి పెట్టుకోండి. ఈసారి ఎన్ని మైళ్లొచ్చాయో మీకే ఖచ్చితంగా తెలుస్తుంది, నోటి మాటల మీద ఆధారపడక్కర్లేదు. మోటార్‌సైకిల్ టైరులో అరుగుదల గుర్తు ఉండేది అంగుళంలో 32వ వంతు దగ్గర, అంటే 0.8 మిల్లీమీటర్లు. కారుకి దాని రెట్టింపు. అంచేత పెన్నీ నాణెం పెట్టి లింకన్ తల చూసే కారు లెక్క ఇక్కడ కూడా వాడితే, గుర్తు దాకా అరగకముందే మార్చేస్తారు. దూర ప్రయాణానికి ముందు అలా మార్చడమే మంచిది. ఇదివరకు ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్లో టైరు చూసేవాళ్లు. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకి ఆ భద్రతా తనిఖీ తీసేశారు. ఇక చూసేది మీరొక్కరే.

రన్‌ఫ్లాట్ మీద మనసు పోవడానికి ఇంకో కారణం పంచరు భయం అని నాకు తెలుసు. బిగ్ బెండ్ దారిలో అరవై మైళ్లకో ఊరుండదు, ఫోనుకి సిగ్నలుండదు. దానికి మందు ట్యూబ్‌లెస్ టైర్లకి పెట్టే ప్లగ్ కిట్టు, బండి బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి పంపు. రెండూ కలిపినా ఎడమ పెట్టెలో ఒక మూలన పడి ఉంటాయి. ఇంట్లో పాత టైరు మీద ఒకసారి మేకు గుచ్చి ప్లగ్ పెట్టడం నేర్చుకోండి, రోడ్డు పక్కన ఎండలో నేర్చుకోవడం కష్టం. ప్లగ్ పెట్టిన టైరుతో నెమ్మదిగా ఊరు చేరాలి, ఆ తర్వాత లోపలి నుంచి అతుకు వేయించడమో, మార్చడమో చేయాలి. పక్క గోడకి రంధ్రం పడితే మాత్రం ఏ అతుకూ వద్దు.

హైదరాబాద్, విజయవాడల నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 వాళ్లు కూడా ఇలాంటి ప్రశ్నే అడుగుతుంటారు. వాళ్లకి కారు టైరు బెడద లేదు గానీ, ఎక్కువ కాలం వస్తుందని వెడల్పు సైజు వేయించుకోవాలనే సరదా ఉంది. అది వద్దు. వెనక 150/80-16 కొలతే ఉంచి, బరువు అంకె తగ్గకుండా చూసుకుని, ఇద్దరెక్కినప్పుడు మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పిన గాలి పెట్టించుకుంటే చాలు.

చివరిగా నైట్రోజన్. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతా కాస్త కోసం డబ్బులివ్వొద్దు, ఆ డబ్బు గేజ్ మీద పెట్టండి. షాపువాళ్లు ఉచితంగా కొడితే కొట్టించుకోండి, తర్వాత మామూలు గాలి కలిపినా టైరుకేం కాదు.